ఇంక్యుబేటర్‌లో గుడ్లు పిల్లలవ్వట్లేదా? సమస్య - కారణం - పరిష్కారం

పిల్లలు రాని గుడ్లను పెంటకుప్ప మీద పారేసి, ఆ తర్వాత ఫోన్ చేసి "మెషీన్ మంచిది కాదేమోనండీ" అనేవాళ్లకి నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు. ఎక్కడ తేడా వచ్చిందో చెప్పేవి ఆ గుడ్లే. వాటిని పగలగొట్టి చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ పని చేయకుండా మెషీన్ మార్చినవాళ్లు, పుంజుని అమ్మేసినవాళ్లు, గుడ్లు ఇచ్చినాయనతో గొడవపడినవాళ్లు బోలెడంతమంది.

21 రోజులు, ఫ్యాన్ ఉన్న మెషీన్‌కి 37.5 డిగ్రీలు, 18వ రోజున తిప్పడం ఆపి తేమ పెంచడం, ఇవన్నీ మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఫ్యాన్ లేని థర్మాకోల్ డబ్బా అయితే గుడ్డు పైభాగం ఎత్తులో 38.3 నుంచి 38.8 వరకు ఉండాలి, అదొక్కటే తేడా. అన్నీ సరిగ్గానే చేశాం, అయినా పిల్లలు రాలేదు అనేవాళ్ల కోసం ఇది.

ముందు చేయాల్సిన పని

23వ రోజు దాటాక మిగిలిన గుడ్లను పెరట్లోకి తీసుకెళ్లండి. వాసన వస్తున్నదీ, పెంకు మీద చెమట పట్టినట్టు జిగురు కారుతున్నదీ ఉంటే వాటి జోలికి పోకుండా గొయ్యి తీసి పూడ్చేయండి, అవి చేతిలో పేలతాయి. మిగతావాటిని లావుగా ఉన్న వైపు నుంచి, గాలి గది ఉన్న చోట, చెంచాతో కొట్టి పెంకు తీయండి. చూసిందాన్ని బట్టి కుప్పలు పెట్టండి: లోపల ఏమీ లేనివి, రక్తపు రింగు ఉన్నవి, కళ్లు కనిపిస్తూ వేలంత ఉన్న పిండాలు, ఈకలొచ్చి పూర్తిగా పెరిగి చచ్చినవి, ముక్కుతో పెంకు పొడిచి ఆగిపోయినవి. ఏ కుప్ప పెద్దదో చూసి, కింద ఆ భాగం చదవండి. ప్రతి బ్యాచ్‌లోనూ ప్రతి కుప్పకీ ఒకటి రెండు పడతాయి, దాని గురించి టెన్షన్ పడకండి. ఒకే కుప్పలో సగం గుడ్లు చేరితే మాత్రం దాని వెనక కారణం ఉంటుంది.

టార్చ్ పెట్టి చూస్తే గుడ్డు ఖాళీగా ఉంది

7వ రోజు చూస్తే నరాలేవీ లేవు, గుడ్డు తేటగా వెలుగుతోంది. "పుంజు పనికిరాదు" అని తీర్పు ఇచ్చేస్తారు. పుంజు మీద నింద వేసే ముందు ఒక ఖాళీ గుడ్డుని తెల్ల పళ్లెంలో కొట్టండి. పచ్చసొన మీద చిన్న తెల్లటి చుక్క, ఆవగింజంత, అంచులు సరిగా లేకుండా ఉంటే ఆ గుడ్డుకి పుంజు తగలలేదన్నమాట. అలా కాకుండా పచ్చసొన పైన మీగడ రంగులో గుండ్రటి మచ్చ పాకి, పచ్చసొన కాస్త పలచబడి, తాకితే ఇట్టే చిట్లిపోతుంటే ఆ గుడ్డు ఖాళీది కాదు. అందులో ప్రాణం మొదలై రెండో రోజో మూడో రోజో పోయింది. టార్చ్ వెలుగులో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, కారణాలు మాత్రం వేరు.

మొదటి రకమైతే నిజంగానే పుంజు సంగతి చూడండి. ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు చాలు. పందెం కోసం కాలికి తాడు కట్టి ఉంచిన పుంజుని నెలకోసారి వదిలితే గుడ్లు కట్టవు. కిరాణా షాపులో కొన్న తెల్ల గుడ్లు, ఆ మాటకొస్తే రంగు చూసి నాటు గుడ్లనుకుని కొన్న గోధుమరంగు ఫారం గుడ్లు కూడా, పొదగేసి లాభం లేదు. లేయర్ ఫారాల్లో, అంటే గుడ్ల కోసమే పెట్టల్ని పెంచే ఫారాల్లో, పుంజులే ఉండవు. ఇది తెలియనివాళ్లు ఇంకా ఉన్నారంటే నమ్మరు గానీ ఉన్నారు.

రెండో రకమైతే గుడ్లు మెషీన్‌లోకి రాకముందే దెబ్బ తిన్నాయి. దాని సంగతి వేడి గురించి రాసిన భాగం అయ్యాక, "మెషీన్‌లోకి వెళ్లకముందే" అన్నచోట వస్తుంది, ఎందుకంటే రెంటి మూలం ఒకటే, ఎండ వేడి.

రక్తపు రింగు

గుడ్డు లోపల ఎర్రటి గీత గుండ్రంగా ఉంగరంలా కనిపిస్తే పిండం మొదటి వారంలోనే చచ్చిపోయింది. గుడ్లు పాతవి కావడం, కొరియర్‌లో కుదుపులకి గాలి గది ఊడిపోవడం, లేదంటే తిప్పే మోటార్ పనిచేయకపోవడం, సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి. అసీల్ (పందెం కోడి జాతి) గుడ్లు గోదావరి జిల్లాల నుంచి కొరియర్‌లో తెప్పించుకునేవాళ్లు వచ్చినవాటిని వచ్చినట్టే మెషీన్‌లో పెట్టేస్తారు. సన్న కొన కిందికి ఉండేలా ఒక రోజంతా కదపకుండా ఉంచి, ఆ తర్వాతే పెట్టండి.

మోటార్ తిరుగుతోందా లేదా అన్నదానికి చెవి నమ్మొద్దు. గర్రుమని శబ్దం వస్తుంది, ట్రే మాత్రం కదలదు. ఒక గుడ్డుకి పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ గీత ఎటుందో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. రోలర్ ట్రేల్లో నాటు గుడ్లు చిన్నవి కావడం వల్ల దొర్లకుండా జారుతూ ఉన్నచోటే ఉంటాయి, అదీ ఈ గీతతోనే తెలుస్తుంది.

19, 20 రోజులకే పిల్లలు, మానని బొడ్డు, మిగతావి గుడ్డులోనే చావు

ఇది అసలు విషయం. ఎండాకాలంలో నా దగ్గరికి వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం ఇదే, పైగా ఎంత చెప్పినా మొదటిసారి ఎవరూ నమ్మరు.

ఇలా మొదలవుతుంది. 7వ రోజు టార్చ్ పెడితే నరాలు బ్రహ్మాండంగా ఉంటాయి. 14వ రోజు చూస్తే లోపల పిల్లలు కదులుతుంటాయి. ఈసారి అన్నీ వస్తాయని సంబరపడతారు. 19వ రోజునే ఒకటి పెంకు పొడుస్తుంది. 20వ రోజు పొద్దున్నకి నాలుగైదు బయటకొస్తాయి, కానీ పీలగా, కాళ్ల మీద నిలబడలేక తూలుతుంటాయి. బొడ్డు దగ్గర నల్లటి పక్కో, తడి తాడో వేలాడుతుంటుంది. కొన్నింటికి పచ్చసొన పూర్తిగా కడుపులోకి పోయి ఉండదు. పెంకు మీద రక్తపు చారలుంటాయి. మిగతావి ఇక రావు. పగలగొడితే ఈకలు మొలిచిన పిల్లలు, కొన్ని 16 రోజుల వయసువి, కొన్ని 18, కొన్నింటి తల సన్న కొన వైపు తిరిగి ఉంటుంది.

ఇవన్నీ వేడి ఎక్కువైన గుర్తులు. ఆ మాట చెప్పగానే వచ్చే జవాబు ఒకటే: "లేదండీ, పొద్దున్నా రాత్రీ చూస్తూనే ఉన్నా, డిస్‌ప్లే మీద 37.5 దాటలేదు." అబద్ధం కాదు. వాళ్లు చూసినప్పుడు నిజంగా 37.5 ఉంది. పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు చూస్తారు, రాత్రి భోజనం అయ్యాక చూస్తారు. మధ్యాహ్నం మూడింటికి ఎవరు చూశారు?

ఇంట్లో పెట్టుకునే చిన్న ఇంక్యుబేటర్‌కి వేడి చేయడం ఒక్కటే వచ్చు. చల్లబరచడం రాదు. ఎక్కువైతే హీటర్ ఆపేసి ఊరుకుంటుంది, అంతే. లోపలి వేడి గదిలోకి పోవాలి. గది చల్లగా ఉంటేనే పోతుంది. మే నెలలో డాబా మీద గదిలోనో, రేకుల షెడ్డులోనో మధ్యాహ్నం 38, 40 ఉంటే ఎక్కడికి పోతుంది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, గుడ్డులో పిల్ల ఏపాటిది.

ఇక్కడిదాకా చెబితే చాలామంది "మా గది అంత వేడెక్కదు, 34 దాటదు" అంటారు. మోసం జరిగేది అక్కడే. గది 38కి చేరక్కర్లేదు. లోపల ఫ్యాన్ మోటార్, తిప్పే మోటార్ కొంత వేడి పుట్టిస్తాయి. వాటికంటే పెద్ద విషయం గుడ్లే. మొదటి వారంలో గుడ్డు చల్లటి వస్తువు, మెషీన్ ఇచ్చే వేడిని తీసుకుంటుంది. రెండో వారం మధ్యకి వచ్చేసరికి లోపలి పిల్ల తన ఒంటి వేడిని బయటికి వదలడం మొదలుపెడుతుంది. 18వ రోజుకి ట్రేలో ఉన్న ప్రతి గుడ్డూ ఒక చిన్న హీటరే. ట్రే నిండా గుడ్లున్న మెషీన్, మూత బిగించి, గాలి రంధ్రాలు సగం మూసి ఉంటే హీటర్ ఆగిపోయి ఉన్నా లోపల గది కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండగలదు. 34 డిగ్రీల గదిలో 39 అలా వస్తుంది.

అందుకే మొదటి రెండుసార్లు టార్చ్ పెట్టినప్పుడు అంతా బాగుంటుంది. అదే గది, అదే సెట్టింగ్, అదే ఎండ, అయినా మొదటి వారం ఏమీ కాదు. మూడో వారంలో చచ్చిపోతాయి. అప్పుడు తేమ మీద అనుమానం వస్తుంది, ఎందుకంటే 18వ రోజున మార్చింది తేమనే కదా. తేమని అటూ ఇటూ మార్చుకుంటూ ఎండాకాలమంతా గడిపేస్తారు. జనవరిలో అదే మెషీన్ పదికి ఎనిమిది ఇచ్చిందని గుర్తు చేసుకుని, "ఇప్పుడు గుడ్లు మంచివి దొరకట్లేదు" అని తేల్చేస్తారు.

తేల్చుకోవడం ఎలా

ఖర్చు లేని పద్ధతి ముందు చెబుతాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో మెషీన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చోండి. డిస్‌ప్లే అంకె కాదు, హీటర్ లైటు చూడండి. బాగున్న మెషీన్‌లో ఆ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, కాసేపు ఆరినా మళ్లీ వెలుగుతుంది. అది ఇరవై నిమిషాలుగా వెలగకుండా, అంకె మాత్రం మీరు పెట్టిన దానికంటే పైన ఉందంటే మెషీన్ చేతులెత్తేసింది. ఇప్పుడు గుడ్ల వేడిని నడిపిస్తున్నది గదే.

రెండోది, వైరు చివర సెన్సార్ ఉండే మిన్-మాక్స్ థర్మామీటర్, అంటే అన్నిటికంటే తక్కువ, ఎక్కువ వేడి ఎంతో గుర్తుపెట్టుకునేది. పెద్ద ఖరీదేమీ కాదు. సెన్సార్‌ని గాలి రంధ్రంలోంచి దూర్చి గుడ్ల మధ్య ఉంచండి. పొద్దున రీసెట్ నొక్కి, రాత్రికి మాక్స్ ఎంతుందో చూడండి. 38 దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండండి. రోజూ 39 దాటుతుంటే పైన చెప్పిన గుర్తులన్నీ వస్తాయి. 40 దాటి కొన్ని గంటలు ఉంటే ఆ బ్యాచ్ మీద ఆశ వదులుకోవచ్చు. మూత తీసి వేసినప్పుడు ఐదు నిమిషాలపాటు అంకె పైకి ఎగిరితే దానికి కంగారు పడక్కర్లేదు, గాలి వేడెక్కినంత తొందరగా గుడ్డు లోపల వేడెక్కదు.

మెషీన్‌కి అలారం ఉందిగా అంటారు. డబ్ల్యూ 1209 అనే, వేడిని అదుపు చేసే చిన్న బోర్డు పెట్టి ఇంట్లో చేసుకున్న డబ్బాల్లో పీ6 అనే ఆ అలారం సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది. ఆన్ చేసుకున్నా, తాళం వేసిన ఇంట్లో మోగితే వినేదెవరు?

చేయకూడనివి

సెట్టింగ్ 36.5కి తగ్గించడం అందరూ చేసే మొదటి పని. దానివల్ల రాత్రంతా గుడ్లు 36.5లో ఉంటాయి, మధ్యాహ్నం మాత్రం ఎప్పటిలాగే 39. ఎందుకంటే అప్పుడు హీటర్ ఎలాగూ ఆగే ఉంది, సెట్టింగ్‌తో దానికి పని లేదు. ఐస్ బాటిల్ లోపల పెడితే సెన్సార్‌కి చలి తగిలి హీటర్ వెలుగుతుంది, బాటిల్ పక్కనున్న గుడ్లు చల్లబడి, దూరంగా ఉన్నవి ఉడుకుతాయి. తడి గుడ్డ మెషీన్ మీద కప్పితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, ఆ వయసు పిల్లలకి గాలే కావాలి. టేబుల్ ఫ్యాన్ పెట్టినా గది గాలి వేడిగానే ఉంటే వేడి గాలే తగులుతుంది.

చేయాల్సినవి

మెషీన్ చోటు మార్చండి. సగం సమస్య అక్కడే తీరుతుంది. పై అంతస్తు స్లాబ్ కింద గది వద్దు, ఆ స్లాబ్ రాత్రి పదకొండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పడమటి గోడ పక్కన వద్దు. కింది అంతస్తులో, ఉత్తరం వైపు గది, నేల మీద నాలుగు ఇటుకలు పేర్చి వాటి మీద మెషీన్. పల్లెల్లో పెంకుటింటి నడిమి గది ఉన్నవాళ్లు అదృష్టవంతులు. గది 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మెషీన్‌కి ఏ కష్టమూ ఉండదు. 30, 31 దాకా కూడా సర్దుకుంటుంది.

10వ రోజు నుంచి గాలి రంధ్రాలన్నీ పూర్తిగా తెరిచి ఉంచండి. ట్రే నిండా కుక్కకుండా గుడ్ల మధ్య వేలు పట్టేంత సందు వదలండి. 30 పట్టే మెషీన్‌లో ఎండాకాలం 20 పెడితే పిల్లలు అంతకంటే తక్కువ రావు, చాలాసార్లు ఎక్కువే వస్తాయి. ఇంట్లో ఎవరైనా ఉంటే మధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉన్న రెండు మూడు గంటలు మూత కింద పెన్సిల్ అడ్డం పెట్టి సందు ఇవ్వమనండి. ఇది గది 36 లోపు ఉన్నప్పుడే పనిచేస్తుంది, 18వ రోజు లోపే చేయాలి. గదే 38 ఉంటే మూత తీసినా ఒకటే, వేసినా ఒకటే, గదినే చల్లబరచాలి.

ఏసీ ఉంటే పగటిపూట 27లో పెట్టండి, గాలి నేరుగా మెషీన్‌కి తగలకుండా. గాలి పొడిబారుతుంది కాబట్టి నీళ్ల ట్రే ఎండిపోకుండా చూసుకోండి. ఎయిర్ కూలర్ అయితే దీనికి పూర్తిగా తలకిందులు: అది గదంతా తేమ నింపుతుంది. కూలర్ వేసిన గదిలో 18వ రోజు వరకు మెషీన్ నీళ్ల ట్రే ఖాళీగా ఉంచి, తేమ మీటర్ ఎంత చూపిస్తుందో చూసి ఆ తర్వాత నీళ్లు పోయండి. కోస్తాలో ఉక్కపోతకి కూలర్ అసలు పనిచేయదు. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది.

ఇవేవీ కుదరకపోతే నా సలహా సూటిగా ఒకటే: ఏప్రిల్ మొదటి వారం తర్వాత గుడ్లు పెట్టకండి. మృగశిర దాటి, నాలుగు వానలు పడి, గది చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టండి. ఖరీదైన అసీల్ గుడ్లో, కడక్‌నాథ్ గుడ్లో తెచ్చి మే నెలలో డాబా మీద గదిలో పొదగేయడం డబ్బుని ఎండలో పారబోయడమే.

మెషీన్‌లోకి వెళ్లకముందే

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇదే. పెట్ట రోజుకో గుడ్డు పెడుతుంటే పన్నెండు గుడ్లు పోగయ్యేదాకా వంటింటి అలమరలో బుట్టలో పెడతాం. చలికాలంలో దానికేం కాదు. మే నెలలో ఆ వంటిల్లు పగలు 36, 38, రాత్రి 31. ఆ వేడికి గుడ్డులో పిండం మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది, రాత్రికి నెమ్మదిస్తుంది, మళ్లీ పగలు మొదలవుతుంది. ఇలా వారం ఊగిసలాడి చచ్చిపోతుంది. దాన్ని మెషీన్‌లో పెట్టి, 7వ రోజు టార్చ్ వేసి, "ఖాళీ గుడ్డు, పుంజు పనికిరాదు" అంటాం. పళ్లెంలో కొడితే కనిపించే మీగడ రంగు మచ్చ దీని గుర్తే.

పొదగేసే గుడ్లని 15 నుంచి 18 డిగ్రీల్లో, వారానికి మించకుండా దాచాలి. అంత చల్లదనం మనిళ్లలో ఎక్కడా ఉండదు. మట్టికుండలో సగం దాకా ఇసుక పోసి, ఇసుకనీ కుండ బయటా తడుపుతూ, ఇసుక మీద పొడి గుడ్డ పరిచి దానిపై గుడ్లు పెట్టి, కుండని గాలి ఆడే నీడలో ఉంచితే బయటి కంటే చాలా చల్లగా ఉంటుంది. ఫ్రిజ్ మరీ చల్లన, మంచిది కాదు. అయినా నడివేసవిలో ఉడికిపోయే అలమర కంటే ఫ్రిజ్ తలుపు అరలో మూడు నాలుగు రోజులు ఉంచడమే నయం. బయటికి తీశాక పెంకు మీద చెమ్మ పడుతుంది, తుడవకుండా పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు మెషీన్‌లో పెట్టండి. వేసవిలో ఐదు రోజుల కంటే పాత గుడ్డు నేనైతే పెట్టను.

22, 23 రోజులకి గానీ రావట్లేదు

వేడి తక్కువైంది. పిల్లలు లావుగా, కడుపు మెత్తగా, మందకొడిగా ఉంటాయి. డిస్‌ప్లే అబద్ధం చెబుతోందేమో ముందు చూడండి. చిన్న టానిక్ సీసా నిండా నీళ్లు పోసి మూత బిగించి గుడ్ల మధ్య నాలుగైదు గంటలు ఉంచండి. తర్వాత మూత తీసి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ముంచండి. 37, 38 దగ్గర దానంత కచ్చితంగా చూపించే వస్తువు మన ఇళ్లలో ఇంకొకటి లేదు. నీళ్లు 36.8 చూపిస్తూ డిస్‌ప్లే 37.5 అంటుంటే తేడా తెలిసిపోయింది, అంత సవరించండి. డబ్ల్యూ 1209లో ఆ సవరణ పీ4లో ఉంటుంది.

అదే బోర్డులో పీ1 కూడా చూడండి. కొత్త బోర్డులో అది 2 దగ్గర ఉంటుంది, అంటే 37.5కి ఆగిన హీటర్ 35.5కి పడిపోయేదాకా మళ్లీ వెలగదు. 0.2 చేయండి. బల్బుతో చేసిన డబ్బాల్లో సగటు వేడి పడిపోవడానికి సగంసార్లు ఇదే కారణం. మిగతా సగం ఆదిలాబాద్, లంబసింగి లాంటి చోట్ల డిసెంబర్ చలి. చుట్టూ థర్మాకోల్ పెడితే చాలు, రంధ్రాలు మాత్రం మూయకండి.

పూర్తిగా పెరిగి, పెంకు పొడవకుండానే చచ్చింది

రోజు సరిగ్గా 21, బొడ్డు బాగుంది, వేడి గుర్తులేవీ లేవు, కానీ పిల్ల లోపలే చచ్చింది. తడి ఎలా ఉందో చూడండి. పిల్ల ఉబ్బి, చుట్టూ నీళ్లు, గాలి గది చిన్నగా ఉంటే మొదటి 18 రోజుల్లో తేమ ఎక్కువైంది. పొర ఎండి తోలులా పిల్లకి అతుక్కుపోయి ఉంటే తక్కువైంది.

తేమ మీటర్లని నేను పెద్దగా నమ్మను, ఒకే గదిలో రెండు మీటర్లు పది శాతం తేడా చూపించడం మామూలే. వంటింటి తూకం నమ్ముతాను. మొదటి రోజు గుడ్లన్నీ కలిపి తూచండి. 18వ రోజుకి వాటి బరువు 12 శాతం దాకా తగ్గాలి. 20 నాటు గుడ్లు 900 గ్రాములుంటే 790 దగ్గరికి రావాలి. 7వ రోజుకి ఒకసారి, 14కి ఒకసారి తూచి, తక్కువ తగ్గుతుంటే నీళ్లు తగ్గించండి, మరీ తగ్గిపోతుంటే పెంచండి. ఖాళీ గుడ్లు తీసేస్తే మొదటి బరువులోంచి కూడా వాటిని తీసి లెక్కేసుకోవాలి. కాకినాడ, మచిలీపట్నం వైపు వానాకాలంలో చాలామంది 18వ రోజు దాకా చుక్క నీళ్లు పోయకుండానే పిల్లల్ని తీస్తారు. యూట్యూబ్‌లో ఎవరో రెండు ట్రేలూ నింపమన్నారని మీరూ నింపకండి, ఆయన ఊరు వేరు, మీ ఊరు వేరు.

పెంకు పొడిచి ఆగిపోయింది

దీనికి కారణం తొంభై శాతం మన చెయ్యే. మొదటి పిల్ల బయటికి రాగానే మూత తీసి చేతిలోకి తీసుకుంటాం, ఇంట్లో పిల్లలకి చూపిస్తాం, ఫొటో తీస్తాం. ఆ అర నిమిషంలో లోపలి తేమంతా పోతుంది, అప్పటికే పెంకు పొడిచి ఉన్నవాటి పొర ఎండి బిగుసుకుంటుంది. 18వ రోజు సాయంత్రం నీళ్లు పోసి తేమ 65, 70కి తెచ్చి మూత వేశాక ఇక తీయకండి. వచ్చిన పిల్ల ఆరేదాకా ఒక పూట లోపలే ఉన్నా ఏం కాదు, కడుపులో ఉన్న పచ్చసొనతో రెండు రోజులు మేత లేకుండా ఉండగలదు.

పొడిచాక 24 గంటల దాకా దానికి మన సాయం అక్కర్లేదు. ఆ సమయంలో అది ఊరికే లేదు, పొరలోని రక్తాన్ని ఒంట్లోకి లాక్కుంటోంది. 24 గంటలు దాటి, పొర గోధుమరంగులోకి మారి ఎండిపోయి కనిపిస్తే గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి ఆ పొరని తడపండి, ముక్కు దగ్గర తడి రానివ్వకండి. పెంకు కొద్దికొద్దిగా తీయండి. ఎర్రటి చుక్క కనిపించిందంటే ఆపేసి, మెషీన్‌లో పెట్టి, మరో ఐదారు గంటలు వదిలేయండి.

మిగతావి

కరెంటు పోవడం: గంటా రెండు గంటలకి ఏమీ కాదు, మూత తీయకుండా ఉంటే చాలు. గుడ్డు చలికి ఓర్చుకున్నంతగా వేడికి ఓర్చుకోదు. చివరి వారంలో దుప్పట్లు కప్పకండి, ఫ్యాన్ ఆగి ఉంటుంది, గుడ్లకి గాలి ఆడాలి.

ఉరుములు: ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని బుట్టలో ఇనుప ముక్క పెట్టేవాళ్లు. ఉరిమినప్పుడు పోయేది కరెంటు. ఇన్వర్టర్ పెట్టుకోండి.

సెల్ టవర్, రోడ్డు మీద లారీల కుదుపు, అమావాస్య: పట్టించుకోకండి.

తల్లికోళ్ల మేతలో లోపం, జబ్బులు: ఉంటాయి, కానీ తక్కువ. వరసగా రెండు మూడు బ్యాచ్‌లు, మంచి కాలంలో, అన్నీ సరిగ్గా ఉన్నా పోతుంటే అప్పుడు పశువైద్యుడికి చూపించండి.

మెషీన్ లోపల గుడ్డు పేలింది: ట్రేలు, రోలర్లు విప్పి, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాకే తర్వాతి బ్యాచ్ పెట్టండి. ఫ్యాన్ రెక్కల వెనక తుడవడం మర్చిపోతారు, వాసన అక్కడినుంచే వస్తుంది. థర్మాకోల్ డబ్బాలో పేలితే కడగడం వృథా, కొత్త డబ్బా కొని బోర్డు అందులోకి మార్చేయండి.